ఇన్నయ్య పేరున్న సమాధి

సమాధుల పండుగ సాయంత్రం అందరూ కొవ్వొత్తులు వెలిగించి వెళ్లిపోయాక, కంకిపాడు సమాధుల తోటకి ఆగ్నేసమ్మ ఒక్కతే వచ్చింది. పొద్దున సైన్యం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"కొండల్లో మంచు కింద దొరికిన సైనికుడి ఎముకలు మీరిచ్చిన రక్తంతో సరిపోయాయండీ. ఆయన మీ తమ్ముడు ఇన్నయ్యగారే."

మరి ఇరవై ఆరేళ్ల కిందట యుద్ధం నుంచి వచ్చిన పెట్టెలో ఉన్నదెవరు? తెరవొద్దన్నారు. తెరవకుండానే పూడ్చారు. అప్పట్నుంచీ ఏటా సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, "తమ్ముడూ, నేన్రా, అక్కని" అంటుంది. అన్నప్పుడల్లా, గాలి లేకపోయినా, కొవ్వొత్తి మంట ఆమె వైపు వంగుతుంది. ఆమెకున్న తోడు అదొక్కటే.

ఈసారి తమ్ముడూ అనడానికి నోరు రాలేదు. కొవ్వొత్తి వెలిగించి మోకరించింది.

"ఎవరు బాబూ నువ్వు?"

మంట కదల్లేదు. పక్క పొలంలో కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"మీ ఇంట్లోవాళ్లు ఎక్కడో ఎదురుచూస్తుంటారు. రేపు ఆ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్తాను. నిన్ను తీసుకెళ్తారు."

లేవబోయింది. చీర కొంగు సమాధి మీది రాతి పలక కింద ఇరుక్కుని ఉంది. లాగింది. రాలేదు.

"తమ్ముడూ, వదలరా" అంది.

మంట ఆమె వైపు వంగింది. కొంగు మాత్రం వదల్లేదు.