మూత పెట్టిన బాల్చీ

నాసిబెకోని బాల్చీతో సహా నలుగురి ముందూ పట్టుకోవాలని హెడ్మాస్టరు లికోంగ్వే సోమవారమే నిశ్చయించుకున్నాడు.

శుక్రవారం తనిఖీ ఉంది మరి. బడికి రేకుల కప్పు వేయించి, చేతిపంపు వేయించి, ఇటుకలతో వంటిల్లు కట్టించి, నెలనెలా సోయా కలిపిన మొక్కజొన్న పిండి పంపే దాతల సంఘం వాళ్లు వస్తున్నారు. వాళ్ల షరతు ఒక్కటే. వరసలో నిలబడ్డ ప్రతి బిడ్డకీ కప్పు జావ అందాలి. అందలేదో, ఆ పిండి కాస్తా కొండ అవతలి బడికి వెళ్లిపోతుంది.

ఇక్కడేమో అందటం లేదు. రెండేళ్లుగా లేని లోటు ఈ జనవరిలో మొదలైంది. మొదటి వారం వరస చివర ఒకరికి తక్కువైంది, తర్వాత ఇద్దరికి. ఇప్పుడు ముగ్గురు ఒకటో తరగతి పిల్లలు ఖాళీ కప్పులతో వెనక్కి పోతున్నారు. కోతలు రాని ఆకలి నెలలివి. ఇళ్లలో మొక్కజొన్న పిండితో వండే న్సీమా ముద్ద రాత్రికి ఒక్కసారే. పొద్దుటి తిండి అంటూ ఉంటే ఈ జావే. మొన్న చికోండి అనే పిల్ల నోటుపుస్తకం మీదే తలవాల్చి నిద్రపోయింది. అది చూశాకే దీని సంగతేదో తేల్చాలనుకున్నాడు మాస్టారు.

మలావీ మొత్తంలో తనంత డిటెక్టివు లేడని అప్పట్లో ఆయన నమ్మకం. (ఇప్పుడా మాట తలుచుకుని ఆయనే పడీపడీ నవ్వుతాడు, అది వేరే సంగతి.) పిండి బస్తాల గదికి తాళం, తాళంచెవి ఆయన మెడలో. పొద్దున్నే పిల్లల తలలు లెక్కపెట్టి తనే కొలిచి ఇస్తాడు. అంటే పిండి గదిలో పోవటం లేదు, పొయ్యి దగ్గరే పోతోంది.

పొయ్యి దగ్గర పెత్తనమంతా నాసిబెకోది. జీతం లేని పనే అయినా గరిటె ఇంకొకరికి ఇవ్వదు. రోజూ మధ్యాహ్నం ఆవిడ మూత పెట్టిన బాల్చీ నెత్తిన పెట్టుకుని ఇంటికి పోవటం మాస్టారు కిటికీలోంచి చూశాడు. ఇంకేం, కేసు తేలిపోయింది!

అయినా తొందరపడలేదు. ముందు నిఘా వేశాడు. దానికి సాకు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. పిల్లలకి పెట్టేముందు హెడ్మాస్టరు జావ రుచి చూడాలని సంఘం వాళ్లే వంటింటి గోడ మీద రాయించారు. రెండేళ్లలో ఆయన ఒక్కరోజు తప్పితే ఒట్టు.

మంగళవారం పొయ్యి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. నాసిబెకో పెద్దలకిచ్చే పద్ధతిలో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో పెద్ద గిన్నె నిండా జావ అందించింది.

"ఉప్పు సరిపోయిందా మాస్టారూ?"

"ఉండమ్మా, తొందరపెట్టకు."

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన ఆవిడ మీదినుంచి చూపు తిప్పలేదు. కాపలా ఆగకూడదు కనక ఎప్పటిలాగే రెండో గిన్నె కూడా అడిగాడు. ఆవిడ చేతులు మాత్రం గరిటె వదిలి ఎటూ పోలేదు. అమ్మ దొంగా, ఎంత జాగ్రత్త!

బుధవారం వెళ్లి ఊరిపెద్ద చిమోంబో చెవిన వేశాడు.

"నాసిబెకో దొంగేమిటయ్యా?" అన్నాడు చిమోంబో. "మనిషి చూడు, ఎండుపుల్లలా అయిపోయింది."

"దొంగలు అలాగే కనిపిస్తారు పెద్దాయనా. అదో ఎత్తు."

"అలాగైతే నిన్ను చూసినవాడు అసలైన దొరవే అనుకోవాలి!"

మాస్టారు బెల్టు కాస్త వదులు చేసుకుని తనూ నవ్వేశాడు. తర్వాత తన పథకం చెప్పాడు. పొద్దున ఆవిడ వచ్చేటప్పుడు బాల్చీ ఖాళీ అని అందరికీ చూపించాలి, మధ్యాహ్నం అదే బాల్చీ నిండుగా పట్టుకోవాలి. ఇక బుకాయించటానికి సందెక్కడిది?

గురువారం పొద్దున్నే ఊరిపెద్దనీ బడి కమిటీలోని ఇద్దరు తల్లుల్నీ వెంటబెట్టుకుని గేటు దగ్గర కాపు కాశాడు. నాసిబెకో వచ్చింది, నెత్తిన బాల్చీతో.

"దించమ్మా. ఖాళీయేగా, భయమెందుకు?"

"వద్దు మాస్టారూ. మీకు బాగుండదు."

"నాకెందుకు బాగుండదూ? దించు ముందు!"

ఆవిడ దించింది. మాస్టారు తన చేత్తోనే మూత తీసి, సాక్షులకేసి గర్వంగా చూసి, అప్పుడు లోపలికి చూశాడు. అడుగున రెండు గుప్పెళ్ల తెల్ల పిండి ఉంది. సంఘం పిండి పసుపు రంగు.

"ఇదేం దొంగతనమయ్యా," అన్నాడు చిమోంబో. "బడికి తెస్తోంది కదా!"

"మా ఇంటి పిండి అయ్యా," అంది నాసిబెకో. "రెండేళ్లుగా రోజూ ఐదు కప్పులకి సరిపడా తెచ్చి కుండలో కలుపుతున్నా. మధ్యాహ్నం ఖాళీ బాల్చీ తీసుకుపోతున్నా. జనవరి నుంచి మా గాదె అడుగంటింది, ఎంత ఊడ్చినా ఇంతే వస్తోంది."

మాస్టారికి సిగ్గు ముంచుకొచ్చింది. ఇంత మంచి మనిషినా తను అనుమానించింది! కానీ లెక్క మాత్రం తెగటం లేదు.

"పిల్లలందరికీ సరిపడా నేనే కొలిచి ఇస్తున్నాను కదమ్మా. మరి ఈ ఐదు కప్పులూ ఎవరికి?"

నాసిబెకో మోకాళ్ల మీద కూర్చుంది, తల ఎత్తకుండా రెండు చేతులతో బాల్చీని ఆయన వైపు జరిపింది.

"మీరు రుచి చూడటానికి, మాస్టారూ."