మేడమెట్ల మీద

మా చెల్లెలు డిటెక్టివ్ నవలలు రాస్తుంది. హత్య రాసే ముందు దాన్ని ఇంట్లో ఆడించి చూడటం తన అలవాటు. నేను మేడమీద గదిలో దీపం ఆర్పి కూర్చోవాలి. తను మెట్లెక్కి వస్తుంది. చప్పుడైతే నేను "వినబడింది" అనాలి. అప్పుడు దిగిపోయి, ఇంకా మెల్లగా ఎక్కుతుంది. నాకేమీ వినబడకుండా వచ్చి భుజం మీద చెయ్యి వేశాకే ఆ అధ్యాయం రాస్తుంది.

"నీకు కాస్త చెవుడుంటే ఈపాటికి పది నవలలు అచ్చయ్యేవక్కా!" అని నవ్వేది.

ఇన్నేళ్ళకు ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. సంతకం పెట్టడానికి పొద్దున్నే ఊరెళ్ళింది. ఎవరు గడప దాటినా ఇక తిరిగి రారేమోనని నాకు దిగులు. రాత్రి మేడమీద గదిలో ఫోన్ మోగేసరికి ప్రాణం లేచొచ్చింది.

"పుస్తకం వచ్చేస్తోందక్కా! రాత్రికి ఇక్కడే ఉండిపోతా. తలుపులన్నీ వేసుకున్నావా?"

"వేశానే తల్లీ..."

కింద మెట్టు కిర్రుమంది. అలవాటుగా నా నోట వచ్చేసింది. "వినబడింది."

"ఏం వినబడింది?" అంది చెల్లెలు ఫోన్‌లో.

అడుగులు ఆగాయి. మెట్టు తర్వాత మెట్టు కిందికి దిగిపోయాయి. మళ్ళీ ఎక్కసాగాయి, ఇంకా మెల్లగా. మళ్ళీ అన్నాను, "వినబడింది." మళ్ళీ దిగాయి.

"అక్కా, ఎవరితో మాట్లాడుతున్నావ్?"

ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాను. ఈసారి నాకేమీ వినబడటం లేదు.