తండ్రి బతికుండగా

"నేను చచ్చిపోయానట శేఠ్. ఎప్పుడు పోయానో, ఏ జబ్బుతో పోయానో మీకేమైనా తెలిస్తే చెప్పండి."

మయాశంకర్ తల ఎత్తి చూశాడు. నాటకశాల గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎర్ర పాగా, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు, చంకలో గుడ్డ మూట.

"ఎవరు మీరు?"

"త్రికమ్ తండ్రిని."

మయాశంకర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. కంపెనీ ఆయనదే, రాజు వేషం ఆయనదే. అయినా అహ్మదాబాదు జనం టిక్కెట్టు కొనేది త్రికమ్‌ని చూడ్డానికి. రాణి వేషంలో వాడు కొంగు సర్దుకునే తీరు చూసి ఊళ్లో కోడళ్లు తమ తీరు మార్చుకున్నారు. కొత్త నాటకానికి తెర లేచేది ఆ సాయంత్రమే.

"కూర్చోండి కాకా. టీ తెప్పిస్తాను."

"చచ్చినవాడికి టీ ఎందుకు? పిండం పెట్టించండి."

పక్కనే తన వేషం పాఠం వల్లె వేసుకుంటున్న నటుడు పోపట్ కిసుక్కుమన్నాడు. మయాశంకర్ చూపుతోనే వాడి నోరు మూయించాడు.

"మావాడి మీసం తీయించింది మీరే కదా?" అన్నాడు ముసలాయన. "మా అన్న కొడుకు పత్తి అమ్ముకోవడానికి ఈ ఊరొచ్చి, పాన్ దుకాణం దగ్గర దూరం నుంచి వాణ్ని చూశాడు. పై పెదవి బోడిగా ఉంది. తండ్రి పోతే తప్ప మా వైపు మగవాడు మీసం తీయడు. ఇంకేం, మా అన్న కొడుకు అటునుంచి అటే ఊరికి రైలెక్కాడు. జ్ఞాతులంతా నా పేరున తలస్నానాలు చేశారు. నా కూతురు అత్తవారింటి నుంచి గుండెలు బాదుకుంటూ వచ్చింది. తలుపు తీసింది నేనే."

మయాశంకర్‌కి నవ్వొచ్చేదే, కానీ ముసలాయన మొహంలో నవ్వు లేదు. దాంతో కోపం తెచ్చుకున్నాడు.

"రాణికి మీసం ఉంటుందా కాకా? వీధినాటకాల భవాయి వాళ్లు ఊళ్లోకొస్తే తెల్లవార్లూ కూర్చుని చూస్తారు. మర్నాడు ఆ వేషగాడే నీళ్లడిగితే తాకకుండా ఎత్తి పోస్తారు. మీ అబ్బాయికి ఇక్కడ పెద్దపెద్ద వాళ్లు లేచి దారిస్తున్నారు. వాడు చేసిన తప్పేమిటి?"

"వాడి తప్పని నేనన్నానా? మీ నాన్నగారున్నారా?"

"వఢవాణ్‌లో ఉన్నారు. నిక్షేపంలా ఉన్నారు."

"మీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

మయాశంకర్ చెయ్యి అప్రయత్నంగా మీసం మీదికి పోయి, సగంలో ఆగింది. ఆ మీసం ఊరందరికీ తెలుసు. రాజు వేషంలో ఆయన దాన్ని మెలితిప్పితే గ్యాలరీ ఈలలతో ఊగిపోయేది.

"మీ తండ్రి బతికున్నాడని మీ మీసం చెబుతుంది. నేను చచ్చానని నా కొడుకు పెదవి చెబుతుంది. ఇదేం న్యాయం శేఠ్? సరే, ఒకటడుగుతాను. నా పేరేమిటి?"

త్రికమ్ ఏ అడుగుకి తల వంచాలో, ఏ పాటలో ఎక్కడ ఊపిరి తీయాలో నిద్రలో లేపి అడిగినా మయాశంకర్ చెప్పగలడు. వాడు ఎవరి కొడుకో మాత్రం ఏనాడూ అడగలేదు.

"తెలీదు కదా. ఆవుని కొన్నా దాని తల్లెవరో అడుగుతారే." ముసలాయన మూట భుజానికెత్తుకున్నాడు. "సాయంత్రం బండికి వాణ్ని తీసుకుపోతున్నాను."

"కాకా, వాడు లేకపోతే ఇవాళ తెర లేవదు. ఈ కంపెనీని నమ్ముకున్న ఇళ్లన్నీ వీధిన పడతాయి."

"అయితే నాకు జరిగింది మీ నాన్నకీ జరగనివ్వండి. మంగలిని పిలవండి."

మయాశంకర్ బయటికి నడవమనబోయాడు. కానీ ముసలాయన కళ్లు రెప్ప వేయకుండా ఆయన మీదే ఉన్నాయి. వాటిలో గెలవాలన్న కసి లేదు. బతికుండగానే తన ఇంటి ముందు తన కోసం ఏడ్చిన వాళ్లను చూసిన అలసట ఉంది. మయాశంకర్ మెల్లగా బల్ల మీద కూలబడ్డాడు.

కంపెనీ మంగలి కత్తి ఎత్తి ఆగాడు. "ఇంకోసారి ఆలోచించండి శేఠ్."

"కానియ్."

పని పూర్తయ్యేసరికి ముసలాయన మొహం తిప్పేసుకున్నాడు. తర్వాత దగ్గరికొచ్చి, మయాశంకర్ చెంపకి అంటిన సబ్బు నురగని తన పాగా కొసతో తుడిచాడు. "మీ నాన్న నూరేళ్లు బతకాలి" అన్నాడు.

"త్రికమ్‌ని పిలిపించనా?"

"వద్దు. చీరలో వాణ్ని ఎదురుగా చూడలేను. జనంలో కూర్చుని చూస్తాను."

సాయంత్రం ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి వచ్చి, మయాశంకర్ అద్దం ముందు పెట్టుడు మీసానికి జిగురు రాస్తూ పోపట్ మీద విరుచుకుపడ్డాడు. "చూశావా? తండ్రి వేషం కట్టి నువ్వు బిందెడు కన్నీళ్లు కారుస్తావు, జనం పాన్ నమలడం కూడా ఆపరు. ఆ పెద్దాయన కంట చుక్క రాల్చలేదు. నేను మీసమే ఇచ్చేశాను."

అప్పుడే త్రికమ్ రాణిలా తయారై వేషాల గదిలోంచి వచ్చాడు. మయాశంకర్ బోడి పెదవి చూసి నిలబడిపోయాడు.

"భయపడకు. మీ నాన్న కోసమే తీయించాను. ముందు వరసలో కూర్చున్నాడు, చూడు."

త్రికమ్ తెర సందులోంచి చూశాడు. ఇటు తిరిగి, తల వంచుకుని అన్నాడు:

"మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు శేఠ్. ఆ కూర్చున్నాయన మా ఊరి అమథా నాయక్. నిరుడు నేను తీసుకొస్తే, ముసలి భవాయి వాడికి తండ్రి వేషమేం చేతనవుతుందని మీరు మొహమైనా చూడకుండా గేటు దగ్గర్నుంచే పంపించేశారే, ఆయన."