స్ప్రింగూ ఊగుతోంది

బాలానగర్ షెడ్డులో స్ప్రింగుకు బరువు కట్టి ఊపి, ఊగే సమయాన్నిబట్టి దాని గట్టిదనం లెక్కగడుతున్న సోమేశ్వరరావు స్టాప్‌వాచ్ బల్ల మీద పడేశాడు.

"ఒకే స్ప్రింగమ్మా! బరువు తగ్గిస్తే గట్టిదనమూ తగ్గుతోందేంటి? లెక్క కుదరకపోతే మాదాపూర్ ఆర్డరు పోయినట్టే."

క్యారియర్ తెచ్చిన కోడలు ఉమాశ్రీ ఫక్కున నవ్వింది.

"బరువుతో పాటు స్ప్రింగూ ఊగుతోంది కదండీ మామయ్యగారూ! దాని బరువులో మూడోవంతు కలిపి చూడండి."

కలిపాడు. ఏ బరువు కట్టినా ఒకటే గట్టిదనం! ఆయన గంతేశాడు.

"ఎక్కడ నేర్చావమ్మా ఇదంతా?"

"ఎమ్మెస్సీ ఫిజిక్సండీ. పెళ్లిచూపుల్లోనే చెప్పాను."

సోమేశ్వరరావు గంతులు ఆపాడు. ఆ రోజు కాఫీ బాగుందన్నది మాత్రమే ఆయనకు గుర్తుంది.

"రేపట్నుంచి షెడ్డుకొచ్చెయ్యమ్మా."

"మరి వంటండీ?"

"నేనూ మీ ఆయనా తగలబెడతాం!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.