పొడి మన్ను

నాసర్ సరస్సు మీద, యాత్రికులకు అమాదా గుడి చూపించి తిరిగొస్తుంటే పడవ ముందు కూర్చున్న నబ్రా అత్త అరిచింది.

"షౌకీ, ఇంజను ఆపరా! మన ఊరు ఇక్కడే."

ఆపాను. చుట్టూ నీళ్ళు, అవతల ఇసుక. డ్యాం కట్టినప్పుడు ఊరూ, సమాధులూ అడుక్కి పోయాయి. గుడిని మాత్రం గోడల మీద రంగు రాలకుండా పట్టాల మీద గట్టుకు లాక్కెళ్ళారు.

"రాళ్ళకేమో రైలు పట్టాలు! మీ నానమ్మకు గాడిద బండి కూడా దొరకలేదట్రా ఆ పెద్దమనుషులకి?"

తిడుతూనే ఒళ్ళోని మూటలోంచి మట్టిగిన్నె తీసింది. పోయినవాళ్ళకు దాహమేస్తుందని సమాధి తలవైపు గిన్నెలో నీళ్ళు పోయడం మా ఆనవాయితీ. ఊరు మునిగాక నానమ్మకు ఆ గిన్నె పెట్టినవాళ్ళు లేరు.

"ఇలా ఇవ్వత్తా, నీళ్ళు ముంచిస్తాను" అని చెయ్యి చాచాను.

"బుద్ధుందా నీకు?"

గిన్నెకు కట్టిన గుడ్డ విప్పింది. నిండా ఎండు ఇసుక. మమ్మల్ని తీసుకెళ్ళి పడేసిన కొత్త ఊరిది. గుప్పెడు తీసి, వంగి, మెల్లగా నీళ్ళలోకి వదిలింది.

"తాగింది చాల్లేమ్మా" అంది. "ఇంద, కాస్త పొడి మన్ను కప్పుకో."