ఉత్త రోలు

ఆ రోజు ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, చేల అవతలి దడిలో కుర్రాళ్లను చూసుకుంటూ మధ్యాహ్నం ఇంటికొచ్చిన వాగాన్ మావయ్య, నేను ఉన్నాం.

లాతీర్ అన్నయ్య లేడు. మగపిల్లలు మగవాళ్లయి తిరిగొచ్చే న్దుత్ దడిలోకి వెళ్లి పద్దెనిమిది రోజులైంది.

సున్తీ కత్తికి అన్నయ్య కిక్కురుమనలేదట. భయమల్లా పాటకే.

అక్కడ ఒక్కొక్కరూ పాటను తడబడకుండా చివరిదాకా పాడాలి. అన్నయ్యకు నత్తి. రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయాడని మావయ్య మొన్న అమ్మమ్మతో సగం సగం మాటల్లో చెప్పాడు.

రేపు మూడోసారి. అదీ తప్పితే వచ్చే న్దుత్ దాకా, అంటే నాలుగేళ్లు, చిన్నపిల్లల పక్కనే కూర్చుని తినాలి.

ఆడవాళ్లం దడి దగ్గరకు పోకూడదు. అన్నం గిన్నె చింతచెట్టు కింద పెట్టి, వెనక్కి చూడకుండా రావాలి.

కానీ నాకొకటి తెలుసు. నేను సజ్జలు దంచుతుంటే, ఆ దెబ్బకు తగ్గట్టు మాట్లాడితే, అన్నయ్య నాలుక ఎక్కడా తడబడదు. బడి పాఠాలన్నీ అలాగే అప్పజెప్పేవాడు.

అందుకే మొన్న రోలును పెరటి చివరకు దొర్లించాను. అక్కడి నుంచి దడి దాకా కోసేసిన చేలే. చప్పుడుకు అడ్డం లేదు.

సజ్జలు పొద్దున్నే అయిపోయేవి. అయినా దంచాను.

కోళ్లు పరుగెత్తుకొచ్చి, చుట్టూ తిరిగి, ఒక్క గింజా రాలకపోయేసరికి వెళ్లిపోయేవి.

"గాలి దంచి ఏం వండుతావే, నిలాన్?" అంది అమ్మమ్మ.

అమ్మ మాత్రం నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లింది.

అరచేతులు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని మళ్లీ రోకలి ఎత్తాను.

ఆ రోజు పొద్దు వాలుతుండగా మావయ్య వచ్చి రోట్లో చేయి పెట్టాడు. అడుగంతా తడిమాడు. వేళ్లకు పిండి కూడా అంటలేదు.

"మూడు రోజులుగా ఇదేనా?"

తల వంచుకున్నాను. నా వల్ల అన్నయ్యను రేపు పాడనివ్వరేమో.

"నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు," అన్నాడు మావయ్య.

"అన్నయ్యకు పాట వస్తోందా మావయ్యా?"

"ఆడపిల్లవి. పాట సంగతి నీకెందుకే?"

తన గుడిసెలోకి వెళ్లి, తలుపు మీద చేయి వేసి ఆగాడు.

"రేపు కాస్త నిదానంగా దంచు. ఊపిరి తీసుకునే సందుండాలి."

నా ముఖం మీదే తలుపు వేసేశాడు.