ఆరో మంచం అప్పగింత

షిఫ్టు మారేటప్పుడు కావేరి ఏ రోగినీ ఊరికే అప్పగించదు. ఒక్కో మంచం దగ్గర నిలబడి అంతా చెబుతుంది, విన్నవాళ్ల చేత తిరిగి చెప్పిస్తుంది. అది పూర్తయ్యేదాకా ఆ రోగి ఆమె రోగే. శంషాబాద్‌లోని ఆ చిన్న నర్సింగ్‌హోమ్‌లో డాక్టర్లు కూడా ఆమె పట్టుదలకు అలవాటుపడిపోయారు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ఆమె ఒక్కతే. ఆరో మంచం మీద పాల్మాకుల జంగయ్య రెండు రోజులుగా స్పృహలో లేడు. అయినా కావేరి చెప్పకుండా ఆయన్ని ముట్టుకోదు.

"తాతగారూ, మిమ్మల్ని ఎడమవైపుకి తిప్పుతున్నానండీ."

పక్కనే కూర్చున్న ఆయన భార్య రుక్మిణమ్మ తలెత్తింది. "జర సేపటి కింద ఇంకో సిస్టరమ్మ గూడ గిట్లనే చెప్పి పోయింది బిడ్డా."

"ఈ రాత్రికి ఇంకెవరూ లేరమ్మా."

"వచ్చింది బిడ్డా. నాలుగు గొట్టంగ మా ఆయనను నువ్వే ఆమెకు అప్పజెప్తవంట."

గోడ గడియారంలో నాలుగుకు రెండు నిమిషాలు తక్కువ. కొత్త ఎయిర్‌పోర్టులో దిగే విమానం ఒకటి తలమీదుగా పోయింది. ఆ హోరు అణిగాక వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. తొందర లేని చప్పుడు. ఆరో మంచం చుట్టూ ఉన్న తెర అవతల ఆగింది.

"ఆరో మంచం గురించి చెప్పు సిస్టర్," అందో గొంతు.

కావేరి కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక చేత్తో జంగయ్య చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కేస్‌షీటు మొదటి పేజీ తెరిచింది.

"చాలా ఉంది. మొదటినుంచీ చెబుతాను," అంది. "ఒక్క ముక్క పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదలుపెడతాను."

తెర అవతల కూడా ఎవరో కుర్చీ లాక్కున్న చప్పుడైంది.